వీఎంకి నెట్ రాకపోతే... కాలువ వెంట నడవాలి

పోయిన సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక గొడవతో ఈ పాఠం మొదలుపెడతా. గొడవ ఎందుకంటే, అది జరగకపోతే ఈ పాఠం నాకే వచ్చేది కాదు.

కాలేజీ ల్యాబ్‌లో మాకు ఇచ్చిన ఉబుంటు వర్చువల్ మెషీన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకున్నా. ఇంటి కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, ఆ ఫైల్ ఇంపోర్ట్ చేసి ఆన్ చేశా. ఉబుంటు వచ్చింది, నెట్ రాలేదు. బ్రౌజర్‌లో ఏ పేజీ తెరుచుకోదు, అప్‌డేట్ కొడితే ఎర్రగా ఎర్రర్లు. అదే కంప్యూటర్‌లో, పక్క కిటికీలో, విండోస్‌లో మాత్రం యూట్యూబ్ హాయిగా ఆడుతోంది.

అప్పుడు మనందరం చేసే పనే నేనూ చేశా. ఎర్రర్‌ని కాపీ చేసి వెతికి, దొరికిన ప్రతి సలహానీ వరసగా పెట్టేశా. నాట్ తీసి బ్రిడ్జ్‌డ్ పెట్టా. అది తీసి హోస్ట్ ఓన్లీ పెట్టా. ఫైర్‌వాల్ ఆపేశా. ఉబుంటులో ఏవో రెండు ఫైళ్లు దిద్దా, ఏం దిద్దానో ఇప్పటికీ గుర్తులేదు. ఆఖరికి విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ అనే బటన్ కనిపిస్తే అదీ నొక్కేశా. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక విండోస్‌కి కూడా నెట్ లేదు. సేవ్ అయి ఉన్న వై-ఫై పాస్‌వర్డ్ పోయింది. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలీదు. డబ్బా వెనక అతికించిన కాగితం మీద అక్షరాలు ఎప్పుడో మాసిపోయాయి.

సరిగ్గా ఆ సాయంత్రమే మా పెద్దనాయిన, వాళ్ల బిడ్డ మా ఇంటికొచ్చారు. చెల్లెకి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరు రోజు. ఫోన్ స్క్రీన్ మీద అన్ని కాలేజీ కోడ్లు, బ్రాంచీలు ముందూ వెనకా జరుపుకోవడం కష్టమని మా కంప్యూటర్ కోసం వచ్చారు. కుర్చీలో కూర్చుని, "అన్నా, నెట్ వస్తలేదు" అంది. నా గుండె జారిపోయింది.

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, టెథరింగ్ ఆన్ చేసి, సిగ్నల్ కోసం ఫోన్‌ని కిటికీ ఊచలకు ఆనించి ఎలాగో గట్టెక్కాం. చెల్లె ఆప్షన్లు సేవ్ అయ్యేసరికి రాత్రి పదకొండు. గడువు ఇంకో గంటే ఉంది. ఎవరూ నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

పెద్దనాయిన జూరాల కాలువ మీద లస్కర్‌గా పని చేసిన మనిషి. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, నీళ్లు ఎక్కడి దాకా పోతున్నాయో చూడటం ఆయన పని. "ఏం తిప్పినవ్‌రా అంతగనం?" అని అడిగాడు. నేను అడాప్టర్, బ్రిడ్జ్, డీఎన్ఎస్ అని ఏదో చెప్పబోయా. ఆయన ఆపి ఒకటే అడిగాడు.

"నీళ్లు యాడి దాంక వచ్చినయ్?"

"తెల్వదు పెద్దనాయినా."

"తెల్వకుండ గేట్లెందుకు తిప్పినవ్ మరి?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయనే చెప్పాడు. చివరి మడి రైతు వచ్చి నీళ్లు రాలేదంటే లస్కర్ పరుగెత్తుకుంటూ ప్రాజెక్టు గేట్ల దగ్గరికి పోడు. మడి దగ్గర మొదలుపెట్టి పిల్లకాలువ, దాని తూము, పెద్ద కాలువ అని ఒక్కోచోట నిలబడి చూసుకుంటూ పోతాడు. "నీళ్లున్న తూముకు, నీళ్లు లేని తూముకు నడుమనే ఉంటది రోగం" అన్నాడు. జూరాల కింద ఆయకట్టు దాదాపు లక్ష ఎకరాలు. అందులో ఒక మడికి నీళ్లు రాకపోతే కనుక్కునే పద్ధతి ఇది. నా కంప్యూటర్‌లో ఉన్నవి ఆరు తూములే.

తెల్లారి అదే పద్ధతిలో చూశా. మీకు కూడా అదే వరసలో చెప్తా. నా ఉదాహరణ విండోస్ మీద వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి నంబర్లు మారతాయి, నడిచే దారి మారదు. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

అసలు వీఎం దగ్గర ఉన్నదేంటి?

మన అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అంటారు. దాని లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ గెస్ట్. తెలుగులో ఇల్లుగలాయన, చుట్టం అనుకోండి. వర్చువల్‌బాక్స్‌ని మొదట తయారుచేసింది ఇన్నోటెక్ అనే జర్మనీ కంపెనీ. 2007లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు. 2008లో ఆ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ కొంది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొంది. అందుకే ఇప్పుడు దాని ముందు ఒరాకిల్ పేరు కనిపిస్తుంది.

చుట్టానికి సొంత వై-ఫై లేదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే సగం కన్‌ఫ్యూజన్ పోతుంది. ఉబుంటు లోపల వై-ఫై గుర్తు కోసం వెతుకుతూ కూర్చునేవాళ్లని చూశా, మొదట్లో నేనూ వెతికా. వర్చువల్‌బాక్స్ గెస్ట్‌కి చూపించేది ఒక నెట్‌వర్క్ కార్డు నకలు. మామూలుగా పాత ఇంటెల్ వైర్డ్ కార్డులా నటిస్తుంది. కాబట్టి హోస్ట్ వై-ఫై మీద ఉన్నా, ఫోన్ టెథరింగ్ మీద ఉన్నా, గెస్ట్ మాత్రం తనకి కేబుల్ తగిలించి ఉందనే అనుకుంటుంది.

ఆ కేబుల్ రెండో కొస ఎక్కడ ఉందో నిర్ణయించేదే నెట్‌వర్క్ మోడ్. మనం ఏమీ మార్చకపోతే అది నాట్ మోడ్.

నాట్ అంటే మాస్టర్ వీవర్ పుస్తకం

మా వైపు గద్వాల చీరలు అందరికీ తెలుసు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అక్కడ చాలామంది నేతకారులు మాస్టర్ వీవర్ కింద నేస్తారు. ఒక మగ్గానికి జరీ కావాలనుకోండి. నేతకారు నేరుగా సూరత్‌కి ఉత్తరం రాయడు, మాస్టర్ వీవర్‌కి చెప్తాడు. ఆయన తన పేరు మీద, తన అడ్రస్‌కి తెప్పిస్తాడు. ఏ మగ్గం ఏది అడిగిందో పుస్తకంలో రాసుకుంటాడు. పార్సిల్ వచ్చాక పుస్తకం చూసి ఆ మగ్గానికి పంపుతాడు. సూరత్ వ్యాపారికి తెలిసింది మాస్టర్ వీవర్ అడ్రస్ ఒక్కటే. ఆ వెనక ఎన్ని మగ్గాలున్నాయో ఆయనకి తెలీదు, అవసరమూ లేదు.

నాట్ చేసేది అచ్చంగా ఇదే. గెస్ట్ ఏదైనా పేజీ అడిగితే వర్చువల్‌బాక్స్ ఆ మాటని హోస్ట్ పేరు మీద బయటికి పంపుతుంది, ఎవరు అడిగారో రాసుకుంటుంది, జవాబు వచ్చాక గెస్ట్‌కి అందిస్తుంది. మీ ఇంటి వై-ఫై డబ్బా కూడా ఇంట్లోని ఫోన్లన్నిటికీ ఇదే పని చేస్తుంది. అంటే వీఎం నుంచి వెళ్లే మాట కనీసం రెండు పుస్తకాల్లో ఎక్కుతుంది.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందంటే అడ్రస్‌ల కరువు వల్ల. ఐపీ నాలుగో వెర్షన్ అడ్రస్ 32 బిట్లది. మొత్తం కలిపితే దాదాపు 430 కోట్లు. ప్రపంచంలో ఇప్పుడున్న మనుషులకే తలా ఒకటి రాదు. అందుకే 1994లో నాట్ పద్ధతిని కాగితం మీద పెట్టారు. 1996లో 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి లాంటి కొన్ని అడ్రస్‌లని ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఎవరైనా లోపల వాడుకోవచ్చని విడిగా పెట్టారు. మీ ఇంట్లో 192.168.1.5 ఉంటుంది, పక్కింట్లోనూ ఉంటుంది. ప్రతి మాస్టర్ వీవర్ దగ్గరా మూడో మగ్గం ఉన్నట్టే.

వర్చువల్‌బాక్స్ నాట్‌లో మొదటి అడాప్టర్‌కి మామూలుగా వచ్చే నంబర్లు ఇవి. గెస్ట్ అడ్రస్ 10.0.2.15. బయటికి దారి చూపే గేట్‌వే 10.0.2.2. ఇవి రెండూ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. మీరు నిలబడి చూడాల్సిన తూముల నంబర్లు ఇవే.

కదిలే ముందు: పైన నీళ్లున్నాయా?

నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకి కల్వకుర్తి ఎత్తిపోతలు తెలుసు. శ్రీశైలం జలాశయం నీళ్లు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు దశల్లో పైకి ఎక్కుతాయి. 2020 అక్టోబర్‌లో ఎల్లూరు పంప్‌హౌస్‌లోకి నీళ్లు చేరి మోటార్లు మునిగిపోయాయి. మొదటి దశ ఆగిపోతే పై రెండు దశల్లో మోటార్లు ఎంత బాగున్నా ఎత్తడానికి కొత్త నీళ్లు రావు.

మనకి హోస్టే ఎల్లూరు. అందుకే ముందు విండోస్‌లో బ్రౌజర్ తెరిచి ఇదివరకు చూడని పేజీ ఒకటి తెరవండి. హాస్టల్ వై-ఫై అయితే లాగిన్ పేజీ దాటారో లేదో చూడండి. హోస్ట్‌లో నెట్ లేకపోతే గెస్ట్ జోలికి అస్సలు పోవద్దు. హోస్ట్‌లో ఉంటే, ఇక హోస్ట్ జోలికి పోవద్దు. నేను చేసిన తప్పు ఈ రెండో వాక్యం తెలియకపోవడమే.

మొదటి తూము: కేబుల్

వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అనే చోటికి వెళ్లండి. అడాప్టర్ 1 ఎనేబుల్ అయి ఉందా, అటాచ్డ్ టు అన్నచోట నాట్ ఉందా, కేబుల్ కనెక్టెడ్ అన్న డబ్బాలో టిక్ ఉందా, ఈ మూడూ చూడండి. ఆ టిక్ తీసేయడం అంటే ఉత్తుత్తి కేబుల్‌ని ఊడబీకడమే. గెస్ట్ లోపల టెర్మినల్‌లో ‘ఐపీ లింక్’ అని కొడితే ఈఎన్‌పీ0ఎస్3 లాంటి పేరు కనిపిస్తుంది. పేరు చూసి భయపడకండి. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, మిగతాది ఏ బస్సులో ఏ స్లాట్‌లో ఉందో చెప్పే సీటు నంబర్. ఆ వరసలో అప్ అని ఉంటే కేబుల్ ఉంది. నో క్యారియర్ అని ఉంటే కేబుల్ లేదు.

రెండో తూము: అడ్రస్

‘ఐపీ ఎ’ అని కొట్టండి. 10.0.2.15 కనిపిస్తే ఈ తూము దాటారు. అడ్రస్ లేకపోతే దాన్ని పంచే డీహెచ్‌సీపీతో గెస్ట్ మాట్లాడలేదన్నమాట. పైన కుడి మూల మెనూలో వైర్డ్ కనెక్షన్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. గెస్ట్ విండోస్ అయితే ఇలాంటప్పుడు 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది. అది ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ ఇవ్వకపోతే తనకు తానే పెట్టుకునే పేరు. దానితో బయటికి పోలేం.

ఇక్కడ చాలామంది భయపడే విషయం ఒకటుంది. రెండు వీఎంలు ఆన్ చేస్తే రెండింటికీ 10.0.2.15 అనే కనిపిస్తుంది. అది తప్పు కాదు. మామూలు నాట్‌లో ప్రతి వీఎంకీ విడి మాస్టర్ వీవర్ ఉంటాడు. కాకపోతే ఆ రెండు వీఎంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. మాట్లాడుకోవాలంటే నాట్ నెట్‌వర్క్ అనే వేరే మోడ్ పెట్టాలి.

మూడో తూము: గేట్‌వే

‘ఐపీ రూట్’ అని కొడితే డిఫాల్ట్ వయా 10.0.2.2 అన్న వరస కనిపించాలి. ఊరి బయటికి దారి ఇటు అని చెప్పే బోర్డు అది. ఆ వరస లేకుండా బయటికి పింగ్ కొడితే నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్ అని వస్తుంది. అంటే మాట అసలు గుమ్మమే దాటలేదు. ఎవరైనా మాన్యువల్‌గా అడ్రస్ పెట్టి గేట్‌వే పెట్టడం మరిచిపోతే ఇలా అవుతుంది. ఆటోమేటిక్‌కి మార్చేస్తే సరిపోతుంది.

బోర్డు ఉంటే ‘పింగ్ 10.0.2.2’ అని కొట్టండి. లైనక్స్‌లో పింగ్ తనంతట తాను ఆగదు, కంట్రోల్ సీ నొక్కి ఆపాలి. జవాబు వస్తే నీళ్లు ఇక్కడి దాకా బాగానే ఉన్నాయి.

నాలుగో తూము: బయటి ప్రపంచం

‘పింగ్ 8.8.8.8’. ఇది గూగుల్ 2009 నుంచి నడుపుతున్న పబ్లిక్ డీఎన్ఎస్ అడ్రస్. పేరు అవసరం లేకుండా నంబర్‌తోనే బయటికి వెళ్లగలమా అని చూడటానికి బాగా పనికొస్తుంది. జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టే. మిగిలింది పేర్ల సమస్యో, పైన ఇంకేదో.

జవాబు రాకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి. కొన్ని నెట్‌వర్క్‌లలో పింగ్‌ని కావాలనే ఆపేస్తారు. ‘డబ్ల్యూగెట్ 1.1.1.1’ అని కూడా కొట్టి చూడండి. కనెక్టెడ్ అన్న మాట కనిపిస్తే దారి తెరిచే ఉంది, పింగే మూసుకుంది. రెండూ రాకపోతే అప్పుడు హోస్ట్‌లోని యాంటీవైరస్, ఫైర్‌వాల్ వర్చువల్‌బాక్స్‌ని ఆపుతున్నాయేమో చూడాలి. చూడటం అంటే ఒక్క నిమిషం ఆపి, పరీక్షించి, మళ్లీ ఆన్ చేయడం. ఆపేసి మరిచిపోవడం కాదు.

ఐదో తూము: పేరు

నంబర్‌కి జవాబు వస్తుంది, పేరుకి రాదు. ఎర్రర్‌లో టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్ అని ఉంటుంది. ఇది డీఎన్ఎస్ రోగం. పేరుని నంబర్‌గా మార్చే ఈ పద్ధతిని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు. ఫోన్‌లో కాంటాక్ట్స్ పోయినట్టే ఇది. సిమ్ పనిచేస్తుంది, బ్యాలెన్స్ ఉంది, అమ్మ నంబర్ మాత్రం గుర్తులేదు.

మన ఇళ్లల్లో దీనికి ఒక మామూలు కారణం ఉంది. వీఎం నడుస్తుండగానే వై-ఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారతాం. కరెంటు పోతే మారక తప్పదు కదా. హోస్ట్ కొత్త డీఎన్ఎస్ తీసుకుంటుంది, గెస్ట్ మాత్రం పాతదాన్నే పట్టుకుని అడుగుతూ ఉండొచ్చు. గెస్ట్‌లో వైర్డ్ కనెక్షన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. కుదరకపోతే వీఎం రీస్టార్ట్ చేయండి. ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ కొడితే ఎవరిని అడుగుతోందో కనిపిస్తుంది. రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌లో 127.0.0.53 అని చూసి తప్పుందనుకుని దిద్దకండి. ఉబుంటులో అది అలాగే ఉంటుంది, లోపలి సర్వీస్ ఒకటి ఆ అడ్రస్ మీద కూర్చుని అందరి తరఫునా అడిగిపెడుతుంది. నేను దిద్దిన రెండు ఫైళ్లలో ఒకటి ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

ఆరో తూము: మడి గట్టు

పింగ్ నంబర్‌కీ వస్తుంది, పేరుకీ వస్తుంది. అయినా బ్రౌజర్ తెరుచుకోదు, అప్‌డేట్ కాదు. అంటే నీళ్లు మడి గట్టు దాకా వచ్చి, మడిలోకి దిగట్లేదు. ఇక్కడ రెండు కారణాలు చూడండి.

మొదటిది గడియారం. వీఎంని సేవ్ చేసి పెట్టి, వారం తర్వాత తెరిచినా, పాత స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లినా లోపల తేదీ పాతదే ఉండిపోవచ్చు. సురక్షితమైన వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. మన తేదీ వాటి బయట ఉంటే బ్రౌజర్ ఒప్పుకోదు. అప్‌డేట్ చేస్తే రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్ అంటుంది. అంటే ఆ ఫైల్ దృష్టిలో మనం ఇంకా నిన్నటి రోజులో ఉన్నాం. పాత డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి హోస్ట్ తేదీయే తప్పు ఉండొచ్చు. అలా ఉంటే వీఎం తేదీ కూడా తప్పే.

రెండోది ప్రాక్సీ. నా రోగం ఇదే. కొన్ని ల్యాబ్‌లలో కంప్యూటర్లు నేరుగా బయటికి పోకుండా ఒక ప్రాక్సీ మెషీన్ ద్వారా పోయేలా పెడతారు. ల్యాబ్‌లో తయారైన వీఎంలో ఆ అడ్రస్ రాసేసి ఉంటుంది. ఆ వీఎంని మనం ఇంటికి తెచ్చుకుంటే అది ఇంట్లో కూడా ఆ మెషీన్ కోసమే వెతుకుతుంది. మా ఇంట్లో ఆ మెషీన్ ఎక్కడిది? పింగ్‌కి ప్రాక్సీతో పని లేదు కాబట్టి అది పోతుంది. బ్రౌజర్, అప్‌డేట్ ప్రాక్సీని అడుగుతాయి కాబట్టి అవి ఆగిపోతాయి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ అన్నచోట ఆఫ్ పెట్టండి. టెర్మినల్‌లో ‘ఎన్వ్’ అని కొట్టి ప్రాక్సీ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. అప్‌డేట్ చేసే ఏపీటీకి విడిగా ఇంకో చోట రాసి ఉండొచ్చు, ఈటీసీ ఫోల్డర్‌లో ఏపీటీ ఫోల్డర్, దాని లోపల కాన్ఫ్ ఫైళ్లు. నేను రెండు చోట్ల తీసేశా. అంతే, నెట్ వచ్చింది. మొత్తం నడక ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ముందు రోజు ఐదు గంటలు పోగొట్టుకున్నా. నీళ్లు మడి గట్టు దాకా వచ్చి నిలబడి ఉంటే నేను జూరాల గేట్లు పీకా.

మోడ్‌లు ఎప్పుడు మార్చాలి?

నెట్ రాకపోతే మోడ్ మార్చడం మందు కాదు. ఒక్కో మోడ్‌కి ఒక్కో పని ఉంది.

హోస్ట్ ఓన్లీ అంటే హోస్ట్‌కీ గెస్ట్‌కీ మధ్య మాత్రమే దారి. మామూలుగా 192.168.56తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. ఇందులో ఇంటర్నెట్ రాదు, రాకపోవడమే దాని ఉద్దేశం. సెక్యూరిటీ ల్యాబ్ చేసేవాళ్లకి పనికొస్తుంది. నెట్ కూడా కావాలంటే అడాప్టర్ 1 నాట్‌లో ఉంచి, అడాప్టర్ 2కి హోస్ట్ ఓన్లీ పెట్టుకోండి.

బ్రిడ్జ్‌డ్ అంటే చుట్టం ఇల్లుగలాయన పేరు వాడకుండా తన పేరుతోనే వీధిలోకి వెళ్లడం. వై-ఫై డబ్బా నుంచి గెస్ట్ సొంతంగా అడ్రస్ తీసుకుంటుంది. కేబుల్ మీద ఇది బాగా పనిచేస్తుంది. వై-ఫైలో చిక్కుంది. వై-ఫై డబ్బా తనతో కనెక్ట్ అయిన కార్డు మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చే మాటనే తీసుకుంటుంది. గెస్ట్‌కి వేరే మ్యాక్ ఉంటుంది. వర్చువల్‌బాక్స్ మధ్యలో ఆ అడ్రస్‌ని మార్చి నెట్టుకొస్తుంది కానీ అన్ని వై-ఫై కార్డులతో కుదరదు. హాస్టల్ వై-ఫైలో అయితే బ్రిడ్జ్‌డ్ గెస్ట్ కొత్త డివైస్‌లా కనిపించి మళ్లీ లాగిన్ అడగొచ్చు. ఇంకొకటి, ఫ్రెండ్ నుంచి తెచ్చుకున్న వీఎంని బ్రిడ్జ్‌డ్‌లో ఇద్దరూ ఒకే వై-ఫై మీద నడిపితే రెండింటి మ్యాక్ ఒకటే అయి కొట్టుకోవచ్చు. ఇంపోర్ట్ చేసేటప్పుడే కొత్త మ్యాక్ ఇవ్వమని చెప్పండి.

మరి గెస్ట్‌లో నడిచే వెబ్ సర్వర్‌ని హోస్ట్ బ్రౌజర్‌లో చూడాలంటే? దానికీ బ్రిడ్జ్‌డ్ అక్కర్లేదు. నాట్‌లో బయటివాళ్లు నేరుగా మగ్గాన్ని పిలవలేరు, ఎందుకంటే ఎవరూ అడగని పార్సిల్ పుస్తకంలో ఉండదు. కానీ మాస్టర్ వీవర్‌కి ముందే చెప్పి పెట్టొచ్చు, ఫలానా గుర్తుతో ఏది వచ్చినా మూడో మగ్గానికి పంపు అని. దాన్ని పోర్ట్ ఫార్వార్డింగ్ అంటారు. హోస్ట్ పోర్ట్ 8080, గెస్ట్ పోర్ట్ 80 అని పెడితే విండోస్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 కొట్టినప్పుడు గెస్ట్‌లోని పేజీ వస్తుంది.

నేను ఇప్పుడు పాటించేవి

ఒకసారి ఒకటే మారుస్తా. మార్చిన వెంటనే పరీక్షిస్తా. పని చేయకపోతే ముందున్నట్టే పెట్టి, అప్పుడే రెండోదానికి పోతా. పని చేయని మార్పుని అలాగే వదిలేస్తే అదే రేపటి రోగం.

మార్చింది కాగితం మీద రాస్తా. పెద్దనాయిన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేదట, ఏ షట్టర్ ఎన్ని చుట్లు ఎత్తాడో రాసుకునేవాడట. దించేటప్పుడు అన్నే చుట్లు దించాలి కదా.

గెస్ట్‌లో ఏదైనా కెలికే ముందు స్నాప్‌షాట్ తీస్తా. చెడిపోతే వెనక్కి రావచ్చు. హోస్ట్‌కి అంత సులువైన స్నాప్‌షాట్ లేదు. అందుకే వీఎం కోసం హోస్ట్ నెట్‌వర్క్ రీసెట్ చేయను. అది సేవ్ అయిన వై-ఫైలనే కాదు, నెట్‌వర్క్ అడాప్టర్లన్నిటినీ తీసి మళ్లీ పెడుతుంది. తర్వాత వర్చువల్‌బాక్స్ లాంటివాటిని కూడా మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. పైగా ఇంటి కంప్యూటర్ నా ఒక్కడిది కాదు. దాని వెనక ఎవరి ఫారం, ఎవరి ఆఖరు తేదీ ఉందో మనకి తెలీదు.

నేను చిన్నప్పటి నుంచి చదివింది ఇంగ్లిష్ మీడియం. నెట్‌వర్క్ లేయర్ల పేర్లన్నీ పరీక్షలో వరసగా రాసి మార్కులు తెచ్చుకున్నా. ఆ వరస నడవడానికే పెట్టారని మాత్రం తట్టలేదు. పెద్దనాయినకి తెలుగులో చెప్పబోయి చెప్పలేకపోయినప్పుడే, నాకు పేర్లు వచ్చు కానీ సంగతి రాదని అర్థమైంది. మొన్న ఊరెళ్లినప్పుడు మళ్లీ చెప్పా, నీళ్లు గట్టు దాకా వచ్చాయనీ, మడిలోకి పోయే దారి ఇంకెటో తిప్పి ఉందనీ. ఆయన తలూపి, "ఎవలు తిప్పిన్రు?" అన్నాడు. ల్యాబ్‌లో పెట్టిన సెట్టింగ్ అన్నా. "మరి తెచ్చుకునేటప్పుడు సూస్కోవద్దా?" అన్నాడు.

అది కూడా నోట్స్‌లో రాసుకున్నా.